ఒక్క పూటలో తీసిన బ్యాండు కేసెట్టు

అమలాపురంలో ఒక చర్చి సొసైటీ వాళ్ళ రికార్డింగ్ గదిలో నేను 1973 జూన్‌లో టైపిస్టుగా చేరాను. 1989 మార్చిలో మానేశాను. ఈ మధ్యలో టైపు మిషను మూలపడి, నా చెవులకి పని పెరిగింది. బోర్డింగ్ స్కూల్లో హార్మోనియం నేర్చుకున్నాను. స్వరం రాసి ఉంటే చదవగలను. తప్పు వినిపిస్తే ఊరుకోలేను. ఈ మూడూ చూసి నన్ను రికార్డింగ్ సహాయకురాలిని చేశారు. పాడేవాళ్ళు గదిలో ఉంటే నేను అద్దానికి ఇవతల హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుని, బాగుందో, మళ్ళీ పాడాలో చెప్పాలి. నేను ఎక్కువగా చెప్పింది రెండోదే. కొత్తపేట నుంచి వచ్చే క్వయరు ఆడపిల్లలు నన్ను నా వెనకాల "రీటేకమ్మగారు" అనేవారు. ఎదురుగా అన్నా నాకేం అభ్యంతరం ఉండేది కాదు.

రికార్డింగ్ గది అంటే ఇప్పటి పిల్లలు ఏమేమో ఊహించుకుంటారు. మాది పాత పెంకుటింట్లో ఒక పెద్ద గది. గోడలకీ తలుపులకీ కొబ్బరిపీచు చాపలు మేకులతో కొట్టి ఉండేవి. ఆ చాపలు రోడ్డు మీది రిక్షా బెల్లుల్నీ, కాకుల్నీ ఆపాయి గాని, పక్కనున్న కొబ్బరికాయల కొట్టుని మాత్రం ఆపలేకపోయాయి. అక్కడ కాయలు లారీకి ఎత్తేటప్పుడు ఒకతను, ఒకటి అనే బదులు లాభం అంటూ, "లాభం, రెండు, మూడు" అని రాగం తీసి లెక్కపెట్టేవాడు. 1976లో మేము తీసిన ఒక క్రిస్మసు పాటలో, జాగ్రత్తగా వింటే, రెండో చరణం వెనకాల అతను లెక్క పెడుతూనే ఉంటాడు. ఆ టేపుని నేను బయటికి పోనివ్వలేదు.

మా రికార్డిస్టుగారిది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. మద్రాసులో సినిమా పాటలు తీసే స్టూడియోల్లో చాలా ఏళ్ళు పనిచేసి, ఊపిరి బాగుండక తిరిగొచ్చేశారు. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. మద్రాసు నుంచి ఆయన తెచ్చుకున్న ఆస్తి ఒక రికార్డు ప్లేయరు, ఒక రేకుపెట్టెలో సర్దిన పెద్ద రికార్డులు. అవి జాజ్ రికార్డులు. అమెరికాలో నల్లవాళ్ళు పుట్టించిన సంగీతం. హార్బరులో పనిచేసే స్నేహితుడొకడు ఓడలమీద వచ్చేవాళ్ళ దగ్గర సంపాదించి ఇచ్చాడట. శనివారం మధ్యాహ్నం పని లేకపోతే బాబాయిగారు ఒకటి పెట్టి నన్ను వినమనేవారు.

మొదట్లో అది నాకు సంగీతంలా అనిపించలేదు. నలుగురు మనుషులు ఒకే విషయం మీద నాలుగు రకాలుగా వాదించుకుంటున్నట్టు ఉండేది. నాకు ముందు నచ్చింది పాటలు కాదు, అట్టల వెనక అచ్చువేసిన వివరాలు. ఎవరు ఏం వాయించారో, ఏ రోజు తీశారో రాసి ఉండేది. నాకు తేదీలు ఉన్న వస్తువంటే గౌరవం. ఒక రికార్డుకి ఒకే ఒక్క తేదీ ఉంది. మేము ఒక కేసెట్టుకి వారం పట్టించేవాళ్ళం. ఒక్క రోజులో రికార్డు మొత్తం ఎలా అవుతుంది, అచ్చుతప్పేమో అన్నాను.

"తప్పు కాదమ్మా," అన్నారాయన. "పొద్దున్న వచ్చేరు, వాయించేరు, సాయంత్రానికి ఇళ్ళకెళ్ళిపోయేరు. రోజూ కలిసి వాయించుకునేవాళ్ళు, స్టూడియోకొచ్చి కొత్తగా నేర్చుకునేదేముంది?"

అదే రికార్డులో ఒకచోట కుర్చీ కిర్రుమంటుంది. దాన్నెందుకు తీసెయ్యలేదని అడిగాను.

"అక్కడ వాయించేవాడు లేచి నిలబడ్డాడమ్మా. ఆ చప్పుడు తీసేస్తే కూర్చునే వాయించినట్టుంటుంది."

"కూర్చుని వాయిస్తే నష్టమేంటండీ?"

ఆయన నా వంక చూసి, రికార్డు తిరగేసి రెండోవైపు వేశారు. నాతో వాదించి లాభం లేదనుకున్నప్పుడల్లా అదే పని చేసేవారు.

1983 చివర్లో సొసైటీ కార్యదర్శిగారు మద్రాసు నుంచి నాలుగు ట్రాకుల టేపు యంత్రం తెప్పించారు. దాంట్లో ఒక్కొక్క వాద్యాన్నీ విడిగా తీసుకుని తర్వాత కలుపుకోవచ్చు. ఎవరు తప్పు చేస్తే వాళ్ళచేతే మళ్ళీ వాయించుకోవచ్చు, మిగతావాళ్ళని కదపక్కర్లేదు. నాకోసమే తయారుచేశారనుకున్నాను. బాబాయిగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, మంచి యంత్రమే అన్నారు.

మరుసటి నెలలోనే మలికిపురం దగ్గర ఊరి నుంచి ఒక బ్యాండు మాస్టారు వచ్చారు. పెళ్ళి ఊరేగింపులకి వాయించే పార్టీ ఆయనది. మాస్టారు క్లారినెట్టు, ఆయన సొంత తమ్ముడు ట్రంపెట్టు, ఒక సాక్సోఫోను, పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము, తాళాలు. మొత్తం ఆరుగురు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఆరుగురూ కొబ్బరికాయలు వలిచేవారు. తమ్ముడికి మస్కట్ వీసా వచ్చింది. వెళ్ళేలోగా పార్టీ వాయించే పాటలన్నీ ఒక కేసెట్టుగా తీయించాలని మాస్టారి కోరిక. వాటిలో ఒకటి వాళ్ళ నాన్నగారు కట్టిన ఊరేగింపు పాట. అది కాగితం మీద ఎక్కడా లేదు. ఆ అన్నదమ్ముల నోళ్ళలో ఉంది, అంతే. ఫిబ్రవరి పదిహేను బుధవారం మొదలుపెట్టి శనివారానికి ముగిద్దామని ఖాయం చేసుకున్నాం.

బుధవారం పొద్దున్న ఆరుగురూ దిగారు. తమ్ముడి చేతిలో ట్రంపెట్టు పెట్టెతో పాటు కొత్త రెగ్జిన్ సూట్‌కేసు కూడా ఉంది. మాస్టారు నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"మీరు చెప్పిన నాలుగు రోజులూ ఎగిరిపోయేయండి అమ్మగారూ. ఏజెంటు రాత్రి కబురెట్టేడు. మావోడు ఇయ్యాల సాయంత్రం ఆరింటి బస్సుకి రాజమండ్రి ఎళ్ళి రైలెక్కెయ్యాలంట."

అయితే ఆయన తిరిగి వచ్చాకే తీద్దామన్నాను. తొందరపడి చేసిన పని నాకు నచ్చదు.

"మూడేళ్ళండి," అన్నారు మాస్టారు. "ట్రంపెట్టు మూడేళ్ళు నోటికి పెట్టకపోతే పెదవి ఆగదండి. ఆడు తిరిగొస్తాడండి. ఈ వాయింపు రాదండి."

తమ్ముడు వరండాలో నిలబడి, వినపడనట్టు, కొట్టులో కాయలెత్తడం చూస్తున్నాడు.

ఇక మొదలుపెట్టాం, కొత్త యంత్రం మీద, కొత్త పద్ధతిలో. ముందు చిన్న డ్రమ్ము అతన్ని ఒక్కణ్ణీ గదిలో కూర్చోబెట్టి దరువు తీస్తున్నాం. అది కాసేపు పరిగెడుతుంది, కాసేపు నిద్రపోతుంది. నేను మళ్ళీ అన్నాను, మళ్ళీ అన్నాను. అతను చివరికి కర్రలు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు: "ఎవరి కాళ్ళు చూసుకుని వాయించాలండీ?" పెళ్ళిలో వెనకాల నడిచే ఆడవాళ్ళ నడకని బట్టి దరువు వేస్తాడట. గదిలో నడిచేవాళ్ళు లేరు. తర్వాత తమ్ముణ్ణి ఒక్కణ్ణీ పంపాం. అన్నయ్య మొహం కనపడకపోతే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియదన్నాడు. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. భోజనాల వేళకి సగం పాట తయారైంది. అది కూడా ఆరుగురు ఆరు ఊళ్ళలో వాయించినట్టుంది.

బాబాయిగారు లేచి, మైకులన్నీ గది మధ్యకి మోసుకొచ్చారు.

"అందర్నీ ఒకేసారి వాయించనిద్దామమ్మా. మనం వినే రికార్డులవాళ్ళు చేసినట్టు."

డ్రమ్ము చప్పుడు క్లారినెట్టు మైకులోకి వచ్చేస్తుందన్నాను.

"వస్తుంది. పెళ్ళిలో కూడా వస్తుంది."

ఆరుగురినీ గుండ్రంగా నిలబెట్టాం. మెరుగే గాని, ఇంకా బిగుసుకునే ఉన్నారు. నేను అద్దంలోంచి చూస్తుంటే వాళ్ళ కాళ్ళు కనిపించాయి. పాట అందుకోగానే ఆరు జతల కాళ్ళూ కదలబోతాయి, చప్పుడవుతుందని వాళ్ళే ఆపేసుకుంటారు. ఏళ్ళ తరబడి నడుస్తూ వాయించినవాళ్ళు, నిలబడి వాయించమంటే ఊపిరే సర్దుకోవడం లేదు. వెనక గదిలో మిగిలిపోయిన పీచు చాపలు తెచ్చి నేల మీద రెండు పొరలు పరిపించాను. చెప్పులు విడిచేసి ఉన్నచోటే నడవండి అన్నాను. పెద్ద డ్రమ్ము ఆయన బాగా లావుపాటి మనిషి. "పెళ్ళికొడుకు ఎక్కడున్నాడండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే పాట అందుకున్నారు. అప్పుడు మొదటిసారి ఆ గదిలోకి బ్యాండు వచ్చింది.

పాట మధ్యలో గోడ అవతల నుంచి "లాభం" అని వినిపించింది. నేనే కొట్టుకి వెళ్ళాను. లెక్క ఆపితే లారీ ఆగిపోతుందన్నాడు మేస్త్రి. లోపల ఎవరు వాయిస్తున్నారని అడిగాడు. చెప్పాను. "ఆయ్, మా అమ్మాయి పెళ్ళికి వాయించినోళ్ళే. ఆళ్ళయితే ఆపుతానండి. మీ పాదిరిగారికైతే ఆపను," అన్నాడు. కాయలెత్తేవాళ్ళందరూ మా గోడకి చేరబడి కూర్చున్నారు. వాళ్ళు మాట్లాడకుండా ఉండటం నేను అప్పుడే చూశాను.

మధ్యాహ్నం నుంచి పాట వెంట పాట సాగిపోయింది. నేను మళ్ళీ అన్నది ఒక్కసారే, తాళాలు జారిపోయి కింద పడినప్పుడు. సాయంత్రమయ్యేసరికి నాన్నగారి ఊరేగింపు పాట ఒక్కటే మిగిలింది. యంత్రం మీద ఉన్నది ఆఖరి టేపు. దాని మీద ఆ ఒక్క పాటకే చోటుంది.

ఆ పాట సంగతి కొంచెం చెప్పాలి. ఊరేగింపు ఎంతసేపు సాగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ పాటకి ఇంత పొడవని లేదు. తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటారు. పెళ్ళివారి ఇల్లు రాగానే మాస్టారు క్లారినెట్టు పైకెత్తుతారు. అది చూసి ట్రంపెట్టు ముగింపు అందుకుంటుంది. మిగతావాళ్ళు దాని వెనకాల ముగింపులోకి దిగుతారు. మాట ఉండదు, సైగ అంతే.

పాట బాగా నడుస్తోంది. సగం దాటిందో లేదో, మాస్టారి క్లారినెట్టు పైకి లేచింది. తమ్ముడు వెంటనే ముగింపు అందుకున్నాడు, పైస్థాయిలో, గట్టిగా. మాస్టారు మాత్రం ముగించడం లేదు. ఆయన ఇంకా పాట మధ్యలోనే ఉన్నారు. చిన్న డ్రమ్ము తడబడింది. బాబాయిగారు ఆపే మీట మీద చెయ్యి వేసి నా వంక చూశారు. నేను చెయ్యెత్తితే ఆపుతారు. అన్నేళ్ళుగా మా ఇద్దరి పద్ధతి అది.

నేను ఎత్తలేదు. ఆ తప్పు ఎటు పోతుందో వినాలనిపించింది.

మాస్టారు తమ్ముడి వెంట దిగలేదు. తమ్ముడు ముగించిన స్వరాన్నే పట్టుకుని, దాన్ని వంచి మళ్ళీ పాట మొదటికి తీసుకుపోయారు. తమ్ముడు ఒక క్షణం ఆగి, పైనుంచి ఇంకో ముగింపు వేశాడు. అన్న దాన్నీ ముగియనివ్వలేదు. ఒకడు పాట ఆపుదామంటాడు, ఒకడు వద్దంటాడు. పెద్ద డ్రమ్ము ఒక్కటే ఏమీ ఎరగనట్టు నడుస్తోంది. ఆ కాసేపూ వాళ్ళు వాయించింది వాళ్ళ నాన్నగారి పాటలో లేదు. ఇంకెక్కడా కూడా లేదు. తర్వాత మాస్టారు నిజంగానే క్లారినెట్టు ఎత్తారు. అందరూ కలిసి దిగారు. టేపు ఆగింది.

ముందు తమ్ముడు మాట్లాడాడు.

"నాదేనండి తప్పు. అన్నయ్య క్లారినెట్టెత్తేడు. ఇల్లొచ్చేసిందనుకున్నాను."

"ఎత్తలేదురా," అన్నారు మాస్టారు. "గడియారం చూసేను. నీ బస్సుకి ఇంకెంతుందో అని."

మా గడియారం తలుపు పైన, బాగా ఎత్తున ఉండేది. నోట్లో క్లారినెట్టు ఉన్న మనిషి దాన్ని చూడాలంటే తలతో పాటు క్లారినెట్టు కూడా లేస్తుంది.

మాస్టారు నా దగ్గరికి వచ్చి, దీన్ని చెరిపేసి మళ్ళీ తీసేద్దామండీ అన్నారు. వేరే టేపు లేదు. మళ్ళీ తీయడమంటే ఇదే టేపు మీద, దీన్ని చెరిపి తీయడమే. బస్సుకి టైము సరిగ్గా ఇంకోసారి వాయించడానికి సరిపోతుంది. నేను ఒక్కసారి విందామన్నాను. వింటే మళ్ళీ తీయడానికి టైముండదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. బాబాయిగారు నా మొహం చూసి టేపు వెనక్కి తిప్పారు.

విన్నంతసేపూ మాస్టారు తల వంచుకునే ఉన్నారు. తమ్ముడు మాత్రం ఆ చోటు వచ్చినప్పుడు అన్న వంక చూశాడు.

"ఇది ఉండనివ్వండి," అన్నాను.

"తప్పుతోనా అండి? రాజోలు పార్టీవోళ్ళు ఇంటే మమ్మల్ని రోడ్డుమీద నడవనిత్తారా? మా నాన్న పాటండి అది."

"తప్పే. కాదని నేననను. మళ్ళీ వాయిస్తే మీరు గడియారం చూడరు, ఆయన తొందరపడరు. పాట సరిగ్గా వస్తుంది. మీరిద్దరూ మాత్రం ఇలా రారు."

ఆయన చాలాసేపు క్లారినెట్టు తుడుచుకున్నారు. చివరికి, "రీటేకమ్మగారే ఒద్దంటే ఇంకెవరికి చెప్పుకోనండి," అన్నారు. నా పేరు మలికిపురం దాకా వెళ్ళిందని నాకు అప్పుడు తెలిసింది.

తమ్ముడు ట్రంపెట్టు పెట్టె అన్న చేతికిచ్చి, సూట్‌కేసు పట్టుకుని బస్టాండు వైపు వెళ్ళాడు. మిగతా ఐదుగురూ వెంట నడిచారు. కొట్టులో మళ్ళీ లాభం మొదలైంది.

రెండు రోజుల తర్వాత కార్యదర్శిగారు టేపు విన్నారు. ఆ చోటు వచ్చేసరికి ఆపమని, "ఇక్కడ ట్రంపెట్టు తొందరపడ్డట్టుందేంటండీ?" అన్నారు.

"ఆయ్. బస్సుకి టైమైపోయిందండి," అన్నారు బాబాయిగారు.

కార్యదర్శిగారు ఆయన వంకా నా వంకా చూసి, టేపు మళ్ళీ నడపమన్నారు. కేసెట్టు ఏప్రిల్‌లో వచ్చింది.

మాస్టారు భయపడ్డట్టే జరిగింది. వాళ్ళ పార్టీ ఎక్కడికి వెళ్ళినా రాజోలు పార్టీవాళ్ళు "ఇల్లు రాకుండానే దిగిపోయే బ్యాండొచ్చిందిరోయ్" అని ఏడిపించేవారట. 1985లో మామిడికుదురులో ఒక పెళ్ళి దగ్గర మాస్టారు కనిపించారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. నేను మర్నాడు గదిలో ఒక్కదాన్నే ఉండి ఆ టేపు మళ్ళీ విన్నాను. నా అభిప్రాయం మారలేదు. కానీ అభిప్రాయం నాది, మాటలు పడ్డది ఆయన. ఆ సంగతి కూడా నేను మర్చిపోలేదు.

తర్వాతి ఏడాది వానల్లో బాబాయిగారు పోయారు. రికార్డుల పెట్టె వాళ్ళమ్మాయి తీసుకెళ్ళింది. ఒకే తేదీ ఉన్న ఆ రికార్డు నాకిమ్మని అడుగుదామనుకుని, అడగలేకపోయాను.

1987 మేలో, ఎండ బాగా ఉన్న రోజున, బ్యాండు మాస్టారు వచ్చారు. చేతిలో క్లారినెట్టు లేదు. తమ్ముడు సెలవు మీద వచ్చాడని చెప్పారు. ట్రంపెట్టు పట్టుకున్నాడట. పెదవి ఆగలేదట. ఆయన ముందే చెప్పినట్టే. జేబులోంచి కేసెట్టు తీసి నా టేబులు మీద పెట్టారు.

"పాడైపోయిందండి. ఇంకోటి కావాలండి."

పెట్టి విన్నాను. ఆఖరి పాట దాకా బాగానే ఉంది. ఆ పాటలో, సగం దాటాక, ఆ ఒక్కచోట శబ్దం సన్నగిల్లి, గరగరలాడి, మళ్ళీ మామూలైంది. తీసి చూస్తే టేపు అంతా శుభ్రంగా ఉంది, అక్కడ మాత్రం నలిగి, మడతలు పడి ఉంది. ఒకేచోట వందలసార్లు వెనక్కి తిప్పితే గాని అలా అవదు.

"మీ తమ్ముడిగారిదా?" అన్నాను.

"ఆడిది మస్కట్‌లోనే అరిగిపోయిందంటండి," అన్నారు మాస్టారు. నా చేతిలో కేసెట్టు వంక చూసి, "ఇది నాదండి," అన్నారు.

అసలు టేపు బీరువాలోంచి తీసి, రెండు కేసెట్లకి కాపీ మొదలుపెట్టాను. ఆయన్ని గదిలోకి వచ్చి కూర్చోమన్నాను. పాట తీయడం త్వరగా అవచ్చు గాని, మా యంత్రం మీద కాపీ చెయ్యాలంటే పాట ఎంతో అంతసేపూ పడుతుంది. ఇద్దరం చాప మీద రెండు కుర్చీలు వేసుకుని, ముందునుంచీ విన్నాం.

ఆ బుధవారం తర్వాత నేను చేసిన మొదటి పని ఆ గడియారాన్ని దింపించడం. వాయించేవాళ్ళకి ఎదురుగా, కంటి ఎత్తులో, కొత్త చోట పెట్టించాను. తలుపు పైన అది వేలాడిన మేకు మాత్రం ఊడలేదు, అలాగే ఉండిపోయింది. పాట ఆ చోటికి వచ్చేసరికి మాస్టారు గడ్డం పైకెత్తి ఆ మేకు వంక చూశారు.